గుమ్మంలో సోఫా

ఆ హైస్కూల్లో సరిగ్గా పనిచేసే ప్రింటరు ఒక్కటే ఉంది. అది లైబ్రరీలో ఉంది. అందుకని ఆఖరి తరగతి పిల్లల చేత కాలేజీ ఫీజుల సాయానికి దరఖాస్తులు పెట్టించే పని లైబ్రరీ మేడం నెత్తిన పడింది. "మీకు కాస్త తీరిక ఉంటుంది కదా" అన్నాడు ప్రిన్సిపాలు. ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది గానీ, ప్రింటరును తన గదిలోంచి మోసుకెళ్ళే మనిషి ఎవరూ దొరకరని తెలుసు కనక నోరు మూసుకుంది.

మొదటి ఏడు నానా తిప్పలూ పడింది. రెండో ఏటికి ఆరితేరింది. ఏ కాగితం వెనక ఏ కాగితం పెట్టాలో, ఏ తండ్రి చేత పొద్దున్నే సంతకం పెట్టించాలో, ఏ తల్లిని కదిలించకుండా వదిలేయాలో ఆమెకు కంఠతా వచ్చేసింది. అన్నిటికంటే ముఖ్యం, దరఖాస్తు చివర్లో ఒక ఖాళీ ఉండేది. 'మీ కుటుంబం పడుతున్న కష్టాన్ని మీ సొంత మాటల్లో రాయండి' అని. పిల్లలు అక్కడికి రాగానే పెన్ను కొరుకుతూ కూర్చునేవాళ్ళు. మేడం వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని, గొంతు తగ్గించి, "ఇంకొంచెం లోతుకి వెళ్ళు నాన్నా. ఇంకేం గుర్తొస్తోంది?" అని అడిగేది. కాసేపటికి ఆ పిల్లవాడి ముక్కు ఎర్రబడేది. పేజీ నిండేది. సాయం వచ్చేది. పిల్లలు చాటుగా ఆమెను 'కష్టాల మేడం' అంటారని తెలిసినప్పుడు రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత అలవాటైపోయింది.

ఆ ఏడు అందరివీ గట్టెక్కాయి, టైలరు గారి అమ్మాయిది తప్ప.

ఆ పిల్లకు పశువుల డాక్టరు కావాలని కోరిక. ఇంట్లో పిల్లినైనా పెంచలేదు; పెంచుదామన్నా అది పడుకునే చోటు లేదు. మార్కులకు లోటు లేదు, తెలివికి లోటు లేదు. చిక్కంతా కష్టం దగ్గరే వచ్చింది. మేడం ఎంత లోతుకు వెళ్ళమన్నా ఆ పిల్ల నవ్వుతూ పైకి తేలేది. ఆఖరికి ఇలా రాసింది: 'మా ఇల్లు ఒకటే గది. అందువల్ల ఎవరైనా జోకు వేస్తే రెండోసారి చెప్పనక్కర్లేదు. రాత్రి నేను నాన్న బట్టలు కత్తిరించే బల్ల మీద పడుకుంటాను. బల్ల పొడుగు, నేను పొట్టి. కాబట్టి ఇబ్బంది లేదు.'

"ఇదేంటమ్మా, ఇలా రాస్తే ఎలా?" అంది మేడం.

"నిజమే కదా మేడం."

"నిజమే. కానీ కష్టం ఏదీ?"

ఆ పిల్ల నిజాయితీగా ఆలోచించింది. కిటికీలోంచి బయటికి కూడా చూసింది. "తట్టడం లేదు మేడం" అంది.

గడువు ఆ రోజే ముగుస్తోంది. మేడం అలాగే పంపేసింది. వారం తిరక్కుండా సహాయ నిధి ఆఫీసు నుంచి ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: 'కష్టం కనబడుట లేదు.'

మేడం ఆఫీసుకు ఫోను చేసింది. చాలాసేపు ఏదో వాయిద్యం వినిపించాక ఒక గుమాస్తా ఎత్తాడు.

"కష్టం కనబడకపోతే మనిషిని పంపి చూడాలి మేడం. రూలు అది" అన్నాడు.

"కష్టం కంటికి కనబడుతుందా అండీ?"

"మామూలు వాళ్ళకి కనబడదు. మా ఆఫీసరుకి శిక్షణ ఇచ్చాం. శనివారం పొద్దున వస్తాడు."

ఆ సాయంత్రమే మేడం టైలరు గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఇరుకు సందు, దానికి తగ్గ ఇరుకు గుమ్మం. లోపల ఒక గది, దాన్నానుకుని మనిషి తిరగబోతే మోచెయ్యి తగిలే వంటిల్లు. కిటికీ పక్కన కుట్టు మిషను. గోడ పొడుగునా ఒక కర్రకు వేలాడుతున్న కోట్లు, ప్యాంట్లు, షేర్వాణీలు. అవన్నీ కొలతలిచ్చి, కుట్టించుకుని, మళ్ళీ మొహం చూపించని వాళ్ళవి. టైలరు వాటిని వంతులవారీగా తనే తొడుక్కునేవాడు. "బట్టకి గాలి తగలాలి కదండీ" అనేవాడు. అందువల్ల ఆయన ఎప్పుడు చూసినా ఏదో పెళ్ళి నుంచి వచ్చినట్టో, కోర్టుకు బయల్దేరినట్టో ఉండేవాడు. ఆ రోజు ముదురాకుపచ్చ కోటులో మేడమ్‌కు టీ అందించాడు. ఆయన భార్య ఆస్పత్రి లాండ్రీలో డ్యూటీకి వెళ్ళింది. ఆయన తల్లి, పెద్దావిడ, మంచం మీద కూర్చుని కాజాల దారాలు తెంపుతోంది.

"మీరేం చెయ్యొద్దు. శనివారం ఆయనొచ్చేసరికి ఇల్లు ఇప్పుడెలా ఉందో అలాగే ఉంచండి చాలు" అంది మేడం.

"ఊడవద్దా?" అంది పెద్దావిడ కంగారుగా.

"ఊడవండి మామ్మగారూ. మరీ తళతళలాడేలా వద్దు."

టైలరు మొహం ముడుచుకుంది. "అంటే మా గడప తొక్కిన పెద్దమనిషి ముందు మేం దీనంగా కూర్చోవాలన్నమాట."

"దీనంగా అక్కర్లేదండీ. మామూలుగా."

"ఇంటికి కొత్త మనిషి వస్తుంటే మామూలుగా ఉండేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా మేడమ్ గారూ? మీరుంటారా?"

మేడం టీ గ్లాసు కింద పెట్టింది. పోయిన నెల స్కూలు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తను లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ బీరువా వెనక్కి తోసిన సంగతి గుర్తొచ్చింది. టైలరే మళ్ళీ, "సరే. మీ మాట కాదనను. ఏమీ చెయ్యం" అన్నాడు.

శనివారం పొద్దున మేడం కాస్త ముందే వెళ్ళింది. గుమ్మం దగ్గరే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. గది నడుమ ఎర్ర మఖమలు సోఫా. గోడకు గోడంత టీవీ. కింద పూల తివాచీ. కుట్టు మిషను మీద అద్దాల తొట్టి, అందులో బంగారు రంగు చేపలు. సోఫా అంచు మీద మామ్మగారు వెనక్కి ఆనుకుంటే ఏమవుతుందో అన్నట్టు నిటారుగా కూర్చుని ఉంది. టైలరు మూడు ముక్కల బూడిద రంగు సూటులో, జేబులో రుమాలుతో సహా, పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు. భార్య ఆ పూట కూడా డ్యూటీకి వెళ్ళింది.

"ఏంటండీ ఇదంతా?" అంది మేడం.

"మేమేం చెయ్యలేదండీ. వీధి వాళ్ళకి తెలిసి వాళ్ళే మోసుకొచ్చారు. కాదంటే బాధపడతారు కదా" అన్నాడు టైలరు.

"మరి మీ సామానేదీ?"

"కండక్టరు బాబాయి డాబా మీద ఉంది మేడం" అంది అమ్మాయి. "మొత్తం ఒక్క విడతలో పట్టేసింది."

కండక్టరు బాబాయి అంటే ఎదురింటాయన. బస్సుల్లో టిక్కెట్లు కొట్టీ కొట్టీ రిటైరైన మనిషి. సోఫా ఆయనదే. గర్వంగా గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. మేడం ఆయన్నీ, తండ్రినీ, కూతుర్నీ కేకలేసి పనిలోకి దింపింది. ముందు సోఫా పోవాలి. చూడగానే కళ్ళల్లో పొడుస్తోంది. మామ్మగారిని లేపి, తండ్రీ కూతుళ్ళు లోపల్నించి నెట్టారు. మేడమూ కండక్టరూ బయట్నించి లాగారు. సోఫా సగం దాకా సాఫీగా వచ్చి, గుమ్మంలో కీచుమని ఆగిపోయింది. ఇక ముందుకు రాదు, వెనక్కి పోదు.

"వచ్చేటప్పుడు వచ్చిందే!" అన్నాడు కండక్టరు, అది సోఫా చేసిన మోసమైనట్టు.

"రండి, రండి, ముందుకి జరగండి" అంటూ ఆయన పాత అలవాటు కొద్దీ సోఫాను అదిలిస్తుండగా వెనకనుంచి ఎవరో దగ్గారు. భుజానికి సంచీ, చేతిలో కాగితాలు బిగించిన అట్ట, నెమ్మదైన మొహం, నిండైన విగ్రహం. "సహాయ నిధి ఆఫీసు నుంచండీ. పరిశీలన" అన్నాడాయన.

మేడం సోఫా వదిలేసి పక్కకు జరిగింది.

"ఇంకో దారి లేదా?" అని అడిగాడు ఆఫీసరు. లేదు. కిటికీకి ఊచలున్నాయి. ఆయన గుమ్మాన్నీ సోఫానూ ఎగాదిగా చూసి, సంచీ సర్దుకుని, "పర్వాలేదండీ, డ్యూటీ డ్యూటీయే" అంటూ సోఫా బయటి కొస మీద మోకాలు వేశాడు. పాకుతూ సరిగ్గా గుమ్మం నడుమకు వచ్చేసరికి పర్రుమని ఒక చప్పుడు సందు చివరిదాకా వినిపించింది. ఆఫీసరు ఉన్నచోటే చతికిలబడిపోయాడు. మొహం సోఫా రంగుకు తిరిగింది.

"కంగారు పడకండి సార్!" లోపల్నించి టైలరు గొంతులో ఉత్సాహం పొంగింది. "ఎక్కడికి రావాలో అక్కడికే వచ్చారు. ఒరే అమ్మలూ, దుప్పటి!"

పెద్దావిడ దుప్పటి విసిరింది. దాని మాటున ప్యాంటు లోపలికి చేరింది. చేపల తొట్టి నేల మీదికి దిగింది. మిషను టకటకమని మొదలైంది. ఆఫీసరు దుప్పటి చుట్టుకుని, సగం ఇంట్లో సగం వీధిలో, సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇంతలో వీధి వీధంతా మేడం వెనక చేరింది. ఎవరో ఆయనకు టీ కూడా అందించారు.

"ఖాళీగా కూర్చోవడం ఎందుకు, ప్రశ్నలు మొదలుపెడతాను" అని ఆయన కాగితాలు తిప్పాడు. "ఇంట్లో సోఫా ఉందా?" తన కిందికి తనే చూసుకున్నాడు. "ఉంది."

"అది వాళ్ళది కాదండీ!" అంది మేడం. "ఈ కండక్టరు గారిది."

ఆఫీసరు కండక్టరు వైపు తిరిగి, పెన్ను ఎత్తి, "మీదేనా? పూర్తి పేరు, చిరునామా చెప్పండి" అన్నాడు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ చెకింగు ఆఫీసర్లంటే హడలిపోయిన మనిషి ఆయన. పెన్ను చూడగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాది కాదు సార్. నేను సోఫా మీద కూర్చోను. నాకు నడుం పడదు" అన్నాడు.

"కండక్టరు గారూ!" అంది మేడం.

ఆయన ఆకాశం వైపు చూశాడు.

టీవీ ఎవరిదని అడిగితే ఇస్త్రీ బండావిడ, "మాకు టీవీ చూసే తీరికెక్కడిదయ్యా" అని కొంగు దులుపుకుంది. చేపలు ఎవరివని అడిగితే మందుల షాపాయన, "నాకు చేపలంటే గిట్టదు" అన్నాడు గట్టిగా. ఆయన గొంతు వినగానే లోపల తొట్టిలో చేపలన్నీ మేతకోసం అద్దం దగ్గరికి గుంపుగా పరిగెత్తుకొచ్చాయి.

"మావి కాదు సార్, అరువు తెచ్చినవి" అన్నాడు టైలరు మిషను ఆపి. ఇన్నాళ్ళూ లేని కోపం ఆయన గొంతులో తగిలింది. వీధి మీదో, తన మీదో.

"మీవి కాదని మీరంటున్నారు. మావి కాదని వీధంటోంది. ఎవరివీ కానివి ఇంట్లో ఉంటే ఇంటివాళ్ళవి కిందే లెక్క" అన్నాడు ఆఫీసరు. ఆయన గొంతులో కక్ష లేదు, కటువు లేదు. "నేను ఉన్నది ఉన్నట్టు రాస్తానండీ. నాకు ఇంకోలా చేతకాదు." సోఫా, టీవీ, తివాచీ, తొట్టి, చేపలు అని వరసగా రాసుకున్నాడు. తర్వాత మెడ తిప్పి లోపలున్న అమ్మాయిని చూశాడు.

"చదివేది నువ్వేనా? నీ కష్టం ఏంటో చెప్పమ్మా. కాగితం మీద రాసినట్టు కాదు, నోటితో నాకు చెప్పు."

బయట మేడం కళ్ళు మూసుకుంది. ఏడువు తల్లీ, ఒక్కసారి ఏడువు, అనుకుంది.

"కష్టం ఏం లేదండీ. డబ్బు లేదు, అంతే" అంది ఆ పిల్ల.

"డబ్బు గడి వేరే ఉందమ్మా. అది నిండింది. ఇది కష్టం గడి."

"అయితే ఖాళీగా వదిలేయండి సార్."

మేడమ్‌కు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు. ఆ పిల్ల చెప్పిన మూడు మాటలూ తిరిగి తిరిగి చెవిలో పడ్డాయి. డబ్బు లేదు, అంతే. ఎంతమంది పిల్లల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఇంత చిన్న మాట మీద ఎంతెంత బరువు పెట్టించిందో. సిగ్గేసింది. అయినా సాయం రాకపోతే ఈ పిల్ల ఏ కాలేజీ మెట్లూ ఎక్కదన్న దిగులు ఆ సిగ్గును తోసేసింది.

అంతలో ఆఫీసరు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, మొదటి పేజీ వదిలేసి రెండోది మొదలుపెట్టానే!" అని కాగితం వెనక్కి తిప్పి చదివాడు. "పరిశీలకుడు ఇంటిలోనికి ప్రవేశించెనా?"

ఆఫీసరు ముందుకు చూసుకున్నాడు, అటు ఇల్లు. వెనక్కి చూసుకున్నాడు, ఇటు వీధి. పైకి చూశాడు, నెత్తిన సరిగ్గా గుమ్మం దూలం.

"చెప్పడం కష్టంగా ఉంది" అన్నాడు నిజాయితీగా. "మీ దగ్గర టేపుందా?"

టైలరు మెళ్ళో టేపు లేని క్షణం లేదు. సూటు బొత్తాం విప్పుకుని సోఫా ఎక్కి వచ్చాడు. "కదలకండి సార్. ఊపిరి మామూలుగా తీసుకోండి" అన్నాడు, కోటుకు కొలతలు తీస్తున్నట్టే. గడప గీత పట్టుకుని ముందుకొకసారి, వెనక్కొకసారి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. ఆయన మొహం వాడిపోయింది.

"ఎంత?" అన్నాడు ఆఫీసరు.

"రెండంగుళాలు బయటికే ఎక్కువ సార్." ఇంటికొచ్చిన మనిషి ఇంట్లోకి రాలేదని తన నోటితో చెప్పాల్సి రావడం ఆయనకు ప్రాణసంకటంగా ఉంది. "ఒక్క పిసరు జరగండి సార్. లోపలికొచ్చేస్తారు."

"జరగండి సార్, జరగండి" అని వీధంతా బతిమాలింది. మేడం కూడా బతిమాలింది. ఎందుకో ఆమెకూ తెలియదు, మర్యాదకు.

"కొలిచాక జరిగితే మోసమండీ" అన్నాడు ఆఫీసరు. మొదటి పేజీలో 'లేదు' అని రాసి, దాని కింద సన్నటి అక్షరాలు చదువుకుని, మధ్య పేజీలన్నీ నెమ్మదిగా చించి సంచీలో వేసుకున్నాడు. "ప్రవేశించనప్పుడు ఇవి చెల్లవు. నేరుగా ఆఖరి పేజీకి వెళ్ళాలి." ఆఖరి పేజీలో ఇంట్లోకి వెళ్ళలేకపోతే నింపాల్సిన గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు.

ప్యాంటు తొడుక్కుని వెళ్ళేముందు కుట్టు వెతుక్కున్నాడు. దొరకలేదు. "ఎక్కడ కుట్టారో కనబడటమే లేదే" అన్నాడు. డబ్బులివ్వబోతే టైలరు తీసుకోలేదు. ఆయన వెళ్ళిన కాసేపటికి కండక్టరు గారి భార్య వచ్చి, "సోఫా కాళ్ళు ఊడతీస్తే వస్తుంది కదా, ఈమాత్రం తోచలేదా?" అని మొగుణ్ణి చీవాట్లు పెట్టింది. కాళ్ళు ఊడదీశారు. సోఫా వచ్చేసింది. ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా ఎవరి సామాను వాళ్ళు తీసుకుపోయారు.

మరుసటి నెల ఉత్తరువు వచ్చింది. మేడం లైబ్రరీలో నిలబడే చదివింది, తర్వాత కూర్చుని చదివింది. ఫీజు మొత్తం. హాస్టలు. పుస్తకాలు. పైగా కుటుంబానికి నెలనెలా పడవ ఖర్చులు. వర్గం అన్నచోట ఇలా ఉంది: 'ఇల్లు చేరుటకు మార్గము లేని కుటుంబము.'

అమ్మాయి మేడమ్‌ను కావలించుకుంది. టైలరు మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "మా ఇంటికి దారి లేదా? ఇన్నేళ్ళుగా జనం బట్టలు పట్టుకుని ఎలా వస్తున్నారు మరి? ఆ ముక్క కొట్టేయించండి మేడం. చదువుకి సాయం తీసుకుంటాం. ఎక్కని పడవకి డబ్బులు నేను ముట్టుకోను."

మేడం మళ్ళీ ఆఫీసుకు ఫోను చేసింది. అదే వాయిద్యం, అదే గుమాస్తా.

"ఆ గడి వరదల్లో చిక్కుకున్న వాళ్ళకోసం పెట్టాం మేడం" అన్నాడు. "పడవ వద్దంటే దారి ఉన్నట్టు. దారి ఉంటే సాయం లేనట్టు. రెండూ ఒకే పగ్గాన ఉన్నాయి."

"కానీ వాళ్ళు పడవ ఎక్కరండీ."

"ఎక్కాలి మరి. నెలాఖరుకి రసీదు పంపాలి. ఎక్కడినుంచి ఎక్కడికి అన్నది మాకు అనవసరం."

మేడం ఈ సంగతి చెప్పినప్పుడు టైలరు మిషను చక్రం చేత్తో తిప్పసాగాడు. ఈ మనిషి పంతం కూతురి చదువును ముంచుతుందేమో అనుకుంది మేడం. ఆఖరికి ఆయన తలెత్తి, "ఎక్కితే తప్పు లేదు కదా?" అన్నాడు.

"ఎక్కితే తప్పేముందండీ?"

"అయితే ఎక్కుతాం."

ఊరి పార్కు చెరువులో బాతు ఆకారంలో పెడలు పడవలున్నాయి. అమ్మాయి కాలేజీ హాస్టలుకు వెళ్ళిన నెల నుంచి, ప్రతి నెలా మొదటి ఆదివారం, టైలరు కుటుంబం ఆ పడవ ఎక్కడం మొదలుపెట్టింది. సరదాకు కాదు, బాధ్యతగా. ఆస్పత్రి లాండ్రీలో చేతులు నానిపోయే భార్య ఆ రోజుకు సెలవు పెట్టుకునేది. మొదట్లో నీళ్ళు చూసి కళ్ళు మూసుకున్న పెద్దావిడ, మూడో నెలకల్లా పడవవాడిని పేరుపేరునా వాళ్ళింట్లో అందరి క్షేమమూ అడిగేంతగా చనువు చేసుకుంది.

ఒక ఆదివారం మేడమ్‌ను కూడా పిలిచారు. టైలరు ఆ రోజు నీలం షేర్వాణీలో ఉన్నాడు. మేడమ్‌కు పెడలు వంతు వచ్చింది. మోకాళ్ళు నొప్పులని చెప్పుకోవడానికి మొహమాటపడి తొక్కుతూ కూర్చుంది. బాతు నెమ్మదిగా చెరువు నడుమకు చేరింది. ఎండ మెత్తగా ఉంది. టైలరు భార్య చెప్పులు విప్పి, పాదాలు ముందుకు చాపుకుని, ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా నీళ్ళు చూస్తోంది. ఈ మనిషి ఇలా ఖాళీగా కూర్చోవడం ఎన్నేళ్ళకు జరిగిందో అనిపించి మేడం ఇంకాస్త మెల్లగా తొక్కింది.

అప్పుడే టైలరు జేబులో ఫోను మోగింది. కూతురు. అందరికీ వినబడేలా పెట్టాడు.

"నాన్నా, ఇవాళ మొదటిసారి ఆవుని పట్టుకోమన్నారు. అది నా కాలు తొక్కేసింది."

"అయ్యో!" అంది మేడం పెడలు ఆపి.

"ఆవుకేం కాలేదు కదా?" అని అడిగింది పెద్దావిడ.

"ఏం కాలేదు మామ్మా. అదసలు నన్ను పట్టించుకోలేదు" అంది ఆ పిల్ల, ఎగిరిపడుతున్నంత సంతోషంగా. పడవలో అందరూ ఒకేసారి నవ్వారు. ఆ కుదుపుకు బాతు పక్కకు ఒరిగింది. టైలరు షేర్వాణీ తడవకుండా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, "మేడమ్ గారూ, తొక్కండి, తొక్కండి!" అని అరిచాడు.